ఇల్లు కారితే ఎవర్నడగాలి?

జి.మాడుగుల మండలంలో ఇల్లు లేనివాళ్లు ఎంతమంది?

ఈ ప్రశ్నకి ప్రభుత్వం దగ్గరే రెండు జవాబులున్నాయి. మొదటిది జనగణన చెప్పేది. ఆ లెక్కలో ఇల్లు లేని కుటుంబం అంటే, కట్టడమంటూ ఏదీ లేకుండా రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, ఫ్లైఓవర్ కింద, రైల్వే ప్లాట్‌ఫాం మీద, గుడి మండపంలో, ఆఖరికి సిమెంటు గొట్టాల్లో బతికే కుటుంబం. 2011లో దేశం మొత్తం మీద ఇలాంటివాళ్లు 17.7 లక్షల మంది అని తేలింది. ఈ నిర్వచనం పట్టుకుని జి.మాడుగుల కొండలెక్కితే లెక్క రాసేవాడికి పెద్దగా పని ఉండదు. అక్కడ ఫ్లైఓవర్లు లేవు, ప్లాట్‌ఫాంలు లేవు. ఎంత పేద కుటుంబానికైనా నాలుగు మట్టిగోడలు, పైన గడ్డో పెంకో రేకో ఉంటుంది.

రెండో జవాబు గృహనిర్మాణ పథకాలది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ పథకం 2016లో మొదలైనప్పుడు 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణనని ఆధారం చేసుకుంది. బొత్తిగా ఇల్లు లేనివాళ్లతో పాటు, కచ్చా గోడలూ కచ్చా కప్పూ ఉన్న ఒకటి రెండు గదుల ఇళ్లవాళ్లు కూడా దాని పరిధిలోకి వస్తారు. ఈ జల్లెడ పట్టుకుని అదే కొండెక్కితే ఊళ్లకి ఊళ్లే అర్హుల జాబితాలోకి వచ్చేస్తాయి. అంటే పొద్దున ఒక ఫారం పట్టుకొచ్చినవాడికి ఇల్లున్న మనిషి, సాయంత్రం ఇంకో ఫారం పట్టుకొచ్చినవాడికి సరైన ఇల్లు లేని మనిషి. మధ్యలో ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని పసుపు కొమ్ములు ఆరబెట్టుకుంటూనే ఉంది.

ఈ రెండు ఫారాల మధ్య ఖాళీలోకే స్వచ్ఛంద సంస్థలు వస్తాయి. (ఎన్జీవో అని రాయొచ్చు కానీ ఆంధ్రాలో ఆ మాట వింటే ముందు నాన్ గెజిటెడ్ ఉద్యోగుల సంఘమే గుర్తొస్తుంది, కాబట్టి పాత మాటే వాడుతున్నాను.) కొన్ని ఇళ్లు కట్టిస్తాయి. కొన్ని కోర్టుకెళ్తాయి. కొన్ని నగరంలో రాత్రి బసలు నడుపుతాయి. కొన్ని అర్జీలు రాసిపెడతాయి. వీటన్నిటినీ మనం 'సేవ' అనే ఒకే డబ్బాలో పడేసి, దండం పెట్టో వెక్కిరించో వదిలేస్తాం. నాకు మాత్రం ఇవి ఒకదానితో ఒకటి పొసగని పనుల్లా కనిపిస్తాయి. ఒక్కో పని వెనక మనిషికీ ఇంటికీ ఉన్న సంబంధం గురించి ఒక్కో నమ్మకం ఉంది. అవన్నీ ఒకేసారి నిజం కావు.

ముందు ఆ ఇంటి సంగతి.

గంగరాజు మాడుగుల, క్లుప్తంగా జి.మాడుగుల, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌కి ముందు విశాఖపట్నం జిల్లా. బయటివాళ్లకి తెలిసింది కొత్తపల్లి జలపాతం, చలికాలంలో పేపర్లో పడే ఉష్ణోగ్రతలు. కాఫీ, మిరియం, పసుపు పండే నేల. బగత, కొండదొర, కోందు, కోటియ తెగల ఊళ్లు. పాతకాలపు ఇల్లు కర్రల చట్రం మీద మెత్తిన మట్టిగోడ, కిందికి బాగా వాలిన కప్పు, ముందు అరుగు. కప్పు అంత కిందికి దిగడం వాన గోడని తాకకుండా. లోపల పొయ్యి పొగ పైకెక్కి గింజలకి పురుగు పట్టకుండా చూస్తుంది. ఆ ఇల్లు కట్టడానికి కాంట్రాక్టర్ అక్కర్లేదు. చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి కడతారు, వాళ్ల ఇల్లు లేచేనాడు వీళ్లు వెళ్తారు. 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెతలో ఒక్కడే అప్పులు చేసి ఒక్కడే కిందామీదా పడే గృహస్థు ఉంటాడు చూడండి, ఆయన ఈ కొండల మనిషి కాడు.

ఇక్కడితో ఆపేస్తే మనలాంటి నగరం పాఠకులకి బాగుంటుంది. మట్టి ఇల్లు వేసవిలో చల్లగా చలిలో వెచ్చగా ఉంటుందని వారాంతపు హోమ్‌స్టే నుంచి వచ్చి ఇన్‌స్టాలో రాసేవాళ్లు నా టైమ్‌లైన్లో ముగ్గురున్నారు. ఉంటుంది, నిజమే. కప్పు గడ్డి కొన్నేళ్లకోసారి మార్చాలన్నదీ నిజమే. ఎలుక, దాని వెనకే పాము రావడం నిజం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటి కొండలెక్కినప్పుడు కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు విరిగిపడిన రోజున ఈ కప్పులకేమైందో ఊహించుకోడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు. అక్కడి జనం శ్లాబు ఇల్లు అడుగుతున్నారు. శ్లాబు అడిగేవాళ్లకి మట్టి ఇంటి గొప్పతనం బోధించడం నాకు మర్యాదగా తోచదు. వాళ్లకి తెలియనిదేం కాదు, అందులో పుట్టి పెరిగారు.

అయితే పాత ఇంట్లో ఉన్న ఒక విషయం కొత్త ఇంట్లో లేదు. గోడ బీటిస్తే ఎవరు సరిచేస్తారన్న ప్రశ్నకి పాత ఇంట్లో జవాబు ముందే ఉంది. పెరూలో బస్తీల మధ్య పనిచేసిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ జాన్ టర్నర్, 1972లో వచ్చిన 'ఫ్రీడం టు బిల్డ్' అనే పుస్తకంలో, ఇంటిని క్రియాపదంగా చూడాలని వాదించాడు. ఇల్లు ఎలా ఉందన్నది ఎంత ముఖ్యమో, దాని గురించి నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం అని ఆయన వాదన సారాంశం. ఆయన మీద ఒక విమర్శ ఉంది: పేదలు తమ ఇళ్లు తామే కట్టుకోగలరు అంటే, ప్రభుత్వాలు హమ్మయ్య అనుకుని చేతులు దులిపేసుకుంటాయని. రెండూ గుర్తుపెట్టుకుందాం, మళ్లీ పనికొస్తాయి.

సరే, ప్రభుత్వం చేతులు దులుపుకోలేదు, డబ్బు ఇస్తానంది. ఆవాస్ యోజన కింద మైదానంలో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం ప్రత్యేకంగా అత్యంత బలహీన గిరిజన సమూహాల కోసం. అందులో ఇంటికి 2 లక్షలు, పైన ఉపాధి హామీ కింద కూలి, మరుగుదొడ్డి సొమ్ము కలిపి 2.39 లక్షలు అని లెక్క. దేశవ్యాప్తంగా 4.90 లక్షల ఇళ్లు లక్ష్యం. ఒకే కొండకి ఇటువైపు ఊరు ఆ సమూహాల జాబితాలోని తెగది, అటువైపు ఊరు జాబితాలో లేని తెగది అయితే ఇద్దరి ఇళ్ల ఖరీదూ వేరే. వానకి ఈ తేడా తెలీదు.

డబ్బు ఎలా వస్తుందన్నది నా వృత్తికి దగ్గరి విషయం, అందుకే కాస్త ఆగుతాను. సొమ్ము విడతలుగా పడుతుంది. పునాది, గోడలు, కప్పు, ఒక్కో దశకీ ఇంటి ఫొటో తీసి, జియోట్యాగ్‌తో, తేదీతో యాప్‌లో ఎక్కించాలి. అది సిస్టమ్‌లో పడితేనే తర్వాతి విడత ఆధార్‌తో ముడిపడ్డ ఖాతాలోకి వెళ్తుంది. డిజైన్ పరంగా తప్పు పట్టడానికేం లేదు. కట్టని ఇళ్లకి బిల్లులు లేపే పాత దోపిడీని ఆపడానికి పుట్టిన యాప్ అది. కాకపోతే ప్రతి డిజైన్ ఒక మనిషిని ఊహించుకుంటుంది. ఈ డిజైన్ ఊహించుకున్న మనిషికి రోడ్డుంది, సిగ్నలుంది, వేలిముద్ర పడుతుంది, ఆధార్‌లో పేరు కుల ధ్రువీకరణ పత్రంలో పేరు ఒకటే. సిమెంటు బస్తా ఆటోలో దిగుతుంది. రోడ్డు లేని గూడేనికి ఆ బస్తా మనిషి నెత్తి మీదే ఎక్కాలి. గర్భిణుల్ని డోలీలో దించే దారే సిమెంటు ఎక్కే దారి కూడా. కొండకి కేటాయించిన ఆ అదనపు పదివేలు ఆ మోతకూలి దగ్గరే అయిపోతుందా మిగులుతుందా అన్నది ఊరు ఎంత పైనుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి జి.మాడుగుల లాంటి చోట ఇంటి సమస్య అంటే కట్టే నైపుణ్యం లేకపోవడం కాదు. డబ్బు అసలే లేకపోవడమూ కాదు. డబ్బుకీ కొండకీ మధ్య దారి తెగి ఉండటం. ఇప్పుడు స్వచ్ఛంద సంస్థలు ఆ తెగినచోట ఎక్కడ నిలబడుతున్నాయో చూడాలి.

అన్నిటికన్నా కంటికి కనిపించేది ఇళ్లు కట్టించే పాత్ర. తెలుగు నేల మీద దీనికి పెద్ద ఉదాహరణ ఈ కొండలకి దూరంగా అనంతపురంలో ఉంది. విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు, మహారాష్ట్రలో పనిచేస్తుండగా 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చి, తిరిగొచ్చి 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, ఆర్డీటీ. ఆ సంస్థ కట్టించిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఎన్ని అన్నదానికన్నా నాకు ముఖ్యంగా తోచేది ఎవరి పేరున అన్నది. ఇల్లు ఇంటావిడ పేరున. పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథ చదివినవాళ్లకి ఈ ఒక్క వాక్యం ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ అది. ఆ గృహిణికి ఇల్లుంది, ఆ ఇంటి మీద ఆమె పేరు లేదు. ఇల్లు కట్టించడమే కాదు, ఆ కాగితం మీద పేరు ఎవరిదని అడగడం కూడా ఇంటి పనే అని ఒక సంస్థ గుర్తించింది. ఇది చిన్న సంగతి కాదు.

అయినా కట్టించేవాళ్లని ఎప్పుడూ ఒక ప్రశ్న వెంటాడుతుంది. పదేళ్ల తర్వాత శ్లాబు కారితే ఎవర్నడగాలి? ప్రభుత్వం కట్టించిన ఇల్లయితే ఎమ్మెల్యేని తిట్టొచ్చు, స్పందనో మరోటో పేరు మారిన కార్యక్రమంలో అర్జీ పెట్టొచ్చు, ఓటు వేయకపోవచ్చు. పని జరక్కపోయినా తిట్టే హక్కుంది. దానంగా వచ్చిన ఇంటి విషయంలో ఆ హక్కు నోట్లోనే ఆగిపోతుంది. ఇచ్చినవాణ్ని తప్పు పట్టకూడదని మన పెంపకం. దానం చేసిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదు అంటారు కదా, ఆ సామెత పూర్తిగా దాత పక్షం. ఆర్డీటీ ఈ ప్రశ్నకి ఒక రకంగా జవాబిచ్చింది: వెళ్లిపోకుండా ఉండటం ద్వారా. యాభై ఏళ్లకి పైగా అదే జిల్లాలో ఉంటే, కారిన కప్పు గురించి వెళ్లి అడగడానికి గుమ్మం ఉంటుంది. కానీ 2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి రెన్యూవల్ ఆగిపోయినప్పుడు, అనంతపురంలో జనం దాని కోసం రోడ్డెక్కారు. ఒక సంస్థకి ఇంతకన్నా గొప్ప సర్టిఫికెట్ ఉండదు. అదే సమయంలో ఒక జిల్లా పేదల ఆస్పత్రీ ఇల్లూ చదువూ ఢిల్లీలో ఒక ఫైలు మీద ఇంతగా ఆధారపడ్డాయా అని గుండె ఝల్లుమంటుంది కూడా. రెండూ ఒకే దృశ్యంలోనే ఉన్నాయి.

అన్ని సంస్థలూ యాభై ఏళ్లు ఉండవు. చాలావాటికి ప్రాజెక్టు గడువు మూడేళ్లు. నేను ఒకప్పుడు పనిచేసిన కంపెనీలో సీఎస్సార్ కమిటీకి వాలంటీరుగా వెళ్లేవాణ్ని. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలి. మా దగ్గర ఒక స్ప్రెడ్‌షీట్ ఉండేది. అందులో 'పూర్తయిన యూనిట్లు' అని ఒక కాలమ్, 'యూనిట్ ఖర్చు' అని ఇంకోటి, చివర్లో 'ఫొటో లింక్'. ఇల్లు ఆ కాలమ్‌లలో చక్కగా ఇమిడిపోతుంది. తహసీల్దారు ఆఫీసులో దిద్దించిన పేరు ఇమడదు. కొట్టేసిన అర్జీ మీద వేసిన అప్పీలు అసలే ఇమడదు, దాన్ని ఫొటో ఎలా తీస్తారు? నిలబడ్డ ఇంటి ముందు రిబ్బన్ కట్టొచ్చు. ఊడిపోకుండా ఆపిన ఇంటి ముందు కట్టడానికి ఏమీ ఉండదు.

ఊడిపోకుండా ఆపడం రెండో పాత్ర. దీనికి అనంతపురం వెళ్లక్కర్లేదు, ఇవే కొండల్లో అనంతగిరి మండలం చాలు. బొర్రా గుహల దగ్గర నిమ్మలపాడు ప్రాంతంలో గిరిజనుల భూముల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, మూడో ఆయన విభేదించగా, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకి లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. 1/70 అని అందరూ పిలుచుకునే భూబదలాయింపు నిబంధనలో 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందన్నది ఆ తీర్పులో కీలకం. తర్వాతి రోజుల్లో జి.మాడుగుల పొరుగున చింతపల్లి వైపు బాక్సైట్ మాట వచ్చిన ప్రతిసారీ ఈ తీర్పు దారికడ్డంగా నిలబడింది.

ఈ కేసుతో ఒక్క కొత్త గోడ లేవలేదు. స్ప్రెడ్‌షీట్‌లో యూనిట్లు సున్నా. కానీ ఆ కొండల మీద ఎన్ని కప్పులు ఇవాళ్టికీ ఉన్నచోటే ఉన్నాయో, వాటన్నిటికీ ఆ సున్నాలో వాటా ఉంది.

1/70లో నాకు చాలా ఇష్టమైన ఒక మెలిక ఉంది. ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఎవరికీ బదిలీ కాకూడదు. అంటే ఎంత మంచి ఉద్దేశంతో వచ్చిన బయటి సంస్థైనా సరే, జి.మాడుగులలో స్థలం కొని, కాలనీ కట్టి, దానికి తానే యజమాని కాలేదు. మంచివాడివి కాబట్టి నీకు మినహాయింపు అని చట్టం అనదు. దీని రెండో వైపు కూడా చెప్పాలి. అమ్మడానికి వీల్లేని భూమిని తాకట్టు పెట్టుకోడానికి బ్యాంకులు వెనకాడతాయి. నాకు విశాఖలో రెండు పడకగదుల ఫ్లాట్ ఉందంటే అది నా కష్టార్జితం అని మా నాన్నగారు బంధువులకి చెప్తారు కానీ, నిజానికి అది ఇరవయ్యేళ్ల ఈఎంఐ. నాకు ఇల్లిచ్చింది బ్యాంకు. ఆ తలుపు కొండ మీద మనిషికి దాదాపు మూసే ఉంది. భూమిని కాపాడే చట్టమే అప్పు దారిని మూసేసినచోట, పథకం సొమ్ము అందడం అందకపోవడం అనేది జీవితకాలంలో ఒక్కసారి తగిలే లాటరీ అయిపోతుంది. అందుకే ఆ జాబితా మీద అంత తగాదా.

మూడో పాత్ర చూడటానికి కొండ దిగాలి. దిగేది సరదాకి కాదు. పాడేరు ఆస్పత్రిలో కుదరని కేసుల్ని విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రికి పంపుతారు. కేజీహెచ్ ఆవరణలో రోగుల వెంట వచ్చినవాళ్లు చెట్ల కిందా వరండాల్లోనూ దుప్పటి పరుచుకుని పడుకోవడం విశాఖలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. కొండ మీద సొంత ఇల్లున్న మనిషి ఇక్కడ పదిహేను రోజుల పాటు జనగణన నిర్వచనంలోకి అచ్చంగా సరిపోతాడు. ఇల్లు లేకపోవడం ఒక రకం మనుషుల గుణం అనుకుంటాం, అది చాలాసార్లు ఒక కాలం, ఒక చోటు.

2010లో, ఆహార హక్కు మీద పీయూసీఎల్ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు నగరాల్లో ప్రతి లక్ష జనాభాకీ ఒక వసతి గృహం ఉండాలని చెప్పింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో అది ఒక పథకమైంది. విశాఖలో నగరపాలక సంస్థ కట్టడాలిస్తే, వాటిలో నిరాశ్రయుల వసతి గృహాలు నడిపే సంస్థల్లో ఏయూటీడీ ఒకటి. ఆ పేరు విప్పితే పట్టణ, గిరిజన అభివృద్ధి సంఘం. ఆ రెండు మాటలు ఒకే పేరులో ఉండటం ముందు నాకు వింతగా అనిపించేది, కేజీహెచ్ గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తే అనిపించదు.

ఈ పాత్రలో ఉన్న చిక్కు వేరు. ఇక్కడ సంస్థ దాత కాదు, పిటిషనర్ కాదు. ప్రభుత్వం చేయాల్సిన పనిని ప్రభుత్వం డబ్బుతో చేసిపెడుతున్న చెయ్యి. మంచాలు చాలకపోతే, నీళ్లు రాకపోతే, ఆ రాత్రి మాటలు పడేది గేటు దగ్గరున్న కేర్‌టేకరు. బిల్లు ఆలస్యం చేసిన ఆఫీసు కాదు. ఏ నగరంలోనైనా ఈ ఏర్పాటు స్వభావమే ఇంత: బాధ్యత ఒకచోట, మొహం ఇంకోచోట. ఇలాంటి సంస్థ తనకి డబ్బిచ్చే కార్యాలయాన్ని ఎంత గట్టిగా ప్రశ్నించగలదు? ప్రశ్నించి ఒప్పందం పోతే రేపు రాత్రి ఆ యాభైమంది ఎక్కడ పడుకోవాలి? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లు ఎప్పుడూ రాత్రి తాళం చెవి పట్టుకున్నవాళ్లు కారని మాత్రం గమనించాను.

ఇక నాలుగోది. అన్నిటికన్నా చిన్నది, నా ఉద్దేశంలో జి.మాడుగులకి అన్నిటికన్నా కావాల్సింది. కాగితం మోసే పని. ఊళ్లోంచే ఒక కుర్రాణ్నో అమ్మాయినో తీసుకుని, చట్టం నేర్పి, తహసీల్దారు ఆఫీసుకీ ఐటీడీఏకీ గ్రామ సచివాలయానికీ తిప్పడం. విశాఖ కేంద్రంగా పనిచేసే లయ లాంటి సంస్థలు ఆదివాసీల్లోంచే పారాలీగల్ కార్యకర్తల్ని తయారుచేయడం ఈ కోవలోది. వీళ్లు చేసేది వింటే గొప్పగా ఉండదు. ఆధార్‌లో తప్పుపడ్డ ఇంటిపేరు దిద్దించడం. అటవీ హక్కుల చట్టం సాగుకే కాదు, నివాసానికి కూడా హక్కిస్తుందని, ఇంటి స్థలం కోసమూ క్లెయిమ్ పెట్టొచ్చని చెప్పడం. రెండో విడత ఎందుకు ఆగిందో కనుక్కోవడం. సిగ్నల్ దొరికే చోటుదాకా నడిచి ఫొటో ఎక్కించారా లేదా అని ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగడం.

మా వృత్తిలో ఇలాంటివాటిని అడాప్టర్ అంటాం. రెండు సిస్టమ్‌లు ఒకదాని భాష ఇంకోదానికి తెలియనప్పుడు మధ్యలో పెట్టే చిన్న తునక. దాని గురించి ఏ అనుభవజ్ఞుడైనా రెండు విషయాలు చెప్తాడు. ఒకటి, అది లేకపోతే ఏదీ నడవదు. రెండు, తాత్కాలికం అని పెట్టిన అడాప్టర్ని ఎవరూ తీయరు, చివరికి అదే అసలు సిస్టమ్ అయి కూర్చుంటుంది. కొండల్లో దీనికి పాత పేరుంది: దళారీ. ఊరికీ ఆఫీసుకీ మధ్య నిలబడ్డవాడు మొదట దారి చూపిస్తాడు, తర్వాత దారికి గేటు పెడతాడు. షావుకారు అలా పుట్టాడు, ముఠాదారు అలా పుట్టాడు. కాగితం మోసే సంస్థ ఆ వరసలో చివరివాడు కాదని గ్యారంటీ ఏంటి?

ఉద్యమాల్లో ఉన్న మిత్రులు ఇక్కడే నన్ను పట్టుకుంటారు. స్వచ్ఛంద సంస్థలన్నీ జనం కోపాన్ని చల్లార్చే మంచినీళ్లే అంటారు వాళ్లు. ఇవాన్ ఇలిచ్ ఇంకా మొహమాటం లేనివాడు. 1968 ఏప్రిల్లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, ఊళ్లకి సేవ చేద్దామని వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి, చూడ్డానికి రండి, నేర్చుకోడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దని మొహం మీదే చెప్పాడు. వాళ్లు పిలిచిన సభలోనే. అంతకన్నా ముందు, 1797లో, కాంట్ తన నీతిశాస్త్రంలో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసి వదిలేశాడు: కొందరికి మేలు చేసే అన్యాయమైన పాలన వల్లే సంపదలో తేడా వచ్చి, ఆ తేడా వల్లే ఒకడు ఇంకొకడికి సాయపడగలిగే స్థితిలో ఉంటే, ఆ సాయాన్ని దయ అనొచ్చా? విశాఖ వెలుగులో ఈ కొండల నీళ్ల వాటా ఎంతో, మాచ్‌ఖండ్, సీలేరు విద్యుత్ కేంద్రాల గురించి తెలిసినవాళ్లు ఈ ప్రశ్నని తత్వశాస్త్రం క్లాసుకి వదిలేయలేరు. దయ అని మనం పిలుచుకునేదాన్లో పాత బాకీ ఎంతో కొంత ఉంది.

ఇంతవరకూ వాళ్లతో వస్తాను. కానీ సాయం చేయొద్దు అనే చోట ఆగిపోతాను. హక్కు గెలిచేదాకా కప్పు ఆగదు. జులైలో కారుతున్న ఇంటి మీద టార్పాలిన్ కప్పినవాడు వ్యవస్థని కాపాడాడని వాదించడానికి మాటల్లో వీలుంది, ఆ పట్టా కింద పిల్లలతో పడుకుని ఉన్న మనిషి ముందు వీలుండదు. పైగా, తడిసి వణుకుతున్నవాళ్లే ఎక్కువ పోరాడతారన్న లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. చాలాసార్లు కాస్త ఆరిన మనిషే ఆఫీసుకెళ్లి గొంతెత్తగలడు.

నన్ను అడిగితే ఏ సంస్థ ఏ పాత్రలో ఉన్నా అడగాల్సింది ఒక్కటే. మీరు వచ్చాక ఈ మనిషి ఎవరితోనైనా దెబ్బలాడగలిగే స్థితికి దగ్గరైందా, దూరమైందా? ప్రభుత్వంతో, పంచాయతీతో, భర్తతో, అన్నిటికన్నా ముందు మీతో. కాగితం మీద ఆమె పేరు రాయించిన ఇల్లు ఆమెని దగ్గర చేసింది. మూడేళ్ల ప్రాజెక్టు కింద తాళం చేతికిచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోయిన ఇల్లు, ఎంత గట్టిదైనా, దూరం చేసింది. పారాలీగల్ కుర్రాడు తనే అర్జీ పట్టుకుని తిరిగితే దళారీ అవుతాడు. ఆమె పక్కన నడిచి, కౌంటర్ దగ్గర ఆమెని ముందు నిలబెట్టి, తను ఒకడుగు వెనక్కి వేస్తే కాడు. తేడా ఆ ఒక్క అడుగే. ఆ అడుగుకి ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ కాలమ్ లేదు, అందుకే ఏ సంస్థ వేస్తోందో బయటినుంచి కనిపెట్టడం కష్టం.

చట్టంలో మాత్రం ఆ అడుగుకి చోటుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారుల్ని గుర్తించే బాధ్యత గ్రామసభకి ఇచ్చింది. ఖర్చయిన సొమ్ముకి పంచాయతీ ధ్రువీకరణ తీసుకోవాల్సింది కూడా గ్రామసభ దగ్గరే. అంటే ఎవరి ఇల్లు ముందు, ఎవరిది తర్వాత అన్న తగాదా పడాల్సింది చెట్టు కింద, అందరి ఎదుట. ఆఫీసులో తయారైన జాబితా మీద సంతకాలు పెట్టించుకోవడం గ్రామసభ కాదు. జాబితా గట్టిగా చదవాలి. చదివాక, నా పేరేది అని ఒకావిడ లేచి అడగాలి.

ఆ జాబితా తెలుగులో ఉంటుంది. ఆ అడగాల్సినావిడ కోందు అయితే ఇంట్లో మాట్లాడేది కువి. చదివేది ఎవరు, ఆమె భాషలోకి మార్చి చెప్పేది ఎవరు, మార్చేటప్పుడు 'మంజూరు కాలేదు' అన్న మాటతో పాటు 'అప్పీలు చేసుకోవచ్చు' అన్న మాట కూడా చెప్తున్నారా? జి.మాడుగులలో ఇళ్ల కోసం డబ్బిద్దామనుకుంటున్న మా కమిటీ లాంటి కమిటీలన్నీ ముందు ఆ ఒక్క జీతం గురించి మాట్లాడితే బాగుంటుంది. ఊరికొక మనిషి, కువి, తెలుగు రెండూ వచ్చినవాళ్లు, గ్రామసభ రోజున వెనక వరసలో కూర్చునేవాళ్లు.